కొబ్బరికి డ్రిప్‌లో ఎరువు: కొస చెట్టు దాకా సమంగా అందాలంటే ఏం చేయాలి

నల్లగొండ వైపు తోట అంటే ముందు గుర్తొచ్చేది బత్తాయి. కొబ్బరిని గెట్ల మీద ఒక వరుసగా పెట్టుకోవడమే మనకు అలవాటు. ఇప్పుడు బోండాల గిరాకీ చూసి ఎకరం, రెండెకరాలు పూర్తిగా కొబ్బరే వేస్తున్నవాళ్లు ఉన్నారు. దాదాపు అందరికీ బోరు ఉంది, డ్రిప్ ఉంది, ఫిల్టర్ పక్కన వెంచురీ (డ్రమ్ములోని ఎరువు నీళ్లను పీల్చి డ్రిప్ లైన్లో కలిపే పరికరం) కూడా బిగించి ఉంది. అయినా ఎరువు మాత్రం ఏడాదికి రెండుసార్లు పాదులో చల్లుతారు, లేదంటే ఒకేరోజు డ్రమ్ము నిండా కలిపి వదిలేస్తారు. చల్లిన యూరియా మన చెలకల్లో కొంత గాలికి పోతుంది, కొంత నీళ్లతో వేర్ల కిందికి దిగిపోతుంది. ఒకేసారి వదిలితే గాఢత ఎక్కువై వేరు దెబ్బతింటుంది. డ్రిప్‌లో కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వడమే కొబ్బరికి సరైన పద్ధతి.

మా తోటలో డెబ్బై చెట్లు. మొదటి ఏడాది నేను డ్రిప్‌లో ఎరువు ఎక్కించినప్పుడు బోరు దగ్గరి మూడు వరుసలు నిగనిగలాడాయి, కొసన ఉన్న రెండు వరుసలు పాలిపోయాయి. ఎరువు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను. పక్క చేను కాక ఒకరోజు వచ్చి చూసి, "తమ్మీ, ఎరువు సంగతి తర్వాత. ఆ కొసకు నీళ్లెన్ని పడుతున్నయో చూసినవా?" అన్నాడు. మగ్గు తీసుకుని కూర్చున్నాను. మొదటి చెట్టు దగ్గర నాలుగు నిమిషాల్లో అర లీటరు నిండింది. కొస చెట్టు దగ్గర అదే టైంలో టీ గ్లాసు కూడా నిండలేదు. ఎరువు నీళ్ల వెంటే పోతుంది కదా, నీళ్లు సగం పడిన చెట్టుకు ఎరువూ సగమే. అందుకే నీళ్ల దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందు మగ్గుతో కొలవండి

గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ అయితే నిమిషానికి 130 మిల్లీలీటర్ల పైన పడాలి. అంటే నాలుగు నిమిషాలకు అర లీటరు దాటాలి. బోరు దగ్గర మొదటి చెట్టు, మధ్యలో ఒకటి, చివరి పైపు మీద చివరి చెట్టు, ఈ మూడు చోట్లా కొలవండి. పదో వంతు తేడా ఉంటే పర్వాలేదు. అంతకు మించితే ఎరువు మాట పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేయాలి.

కారణం ఎక్కువగా మన నీళ్లలోనే ఉంటుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గిన్నెల అడుగున తెల్లగా పట్టినట్టే డ్రిప్పర్ లోపలా పడుతుంది. డ్రిప్పర్ విప్పి గోరుతో గీకి చూడండి, తెల్లటి గట్టి పొర వస్తే అది సున్నమే. వేలికి జారుడుగా, బంకగా తగిలితే నాచు. సున్నానికి యాసిడ్ పెట్టాలి, ఆ పద్ధతి చివర రాశాను. ఇవేవీ కాకుండా కొసకు ప్రెషరే అందకపోతే తోటను రెండు వాల్వుల కిందికి విడగొట్టి, సగం సగంగా నడపడం మేలు.

డ్రిప్పర్‌ను బోదె మొదట్లో పెట్టకండి

కొబ్బరి వేరు బత్తాయి వేరు లాంటిది కాదు. దానికి తల్లివేరు ఉండదు, నూగువేర్లు ఉండవు. బోదె అడుగు నుంచి వేల కొద్దీ తాళ్లలాంటి వేర్లు బయలుదేరి చుట్టూ పాకుతాయి. వాటి కొసల దగ్గరే తిండి తీసుకుంటాయి. పనిచేసే వేర్లలో ఎక్కువ భాగం బోదె చుట్టూ ఆరేడు అడుగుల లోపల, అడుగు నుంచి మూడు నాలుగు అడుగుల లోతులో ఉంటాయి. బోదెకు ఆనించి డ్రిప్పర్ పెడితే నీళ్లన్నీ పాత వేర్ల మీద పడతాయి, ఎరువు కూడా అక్కడే పోతుంది.

కాపుకొచ్చిన చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, బోదె నుంచి మీటరు దూరంలో నాలుగు వైపులా ఉండేలా పైపును చుట్టండి. పాలమూరు దుబ్బ నేలల్లో నీళ్లు పక్కలకు పాకవు, నేరుగా కిందికి దిగుతాయి. అక్కడ ఆరు పెట్టినా మంచిదే. తమిళనాడులో ఒక పద్ధతి ఉంది, మన ఎండలకు చాలా బాగుంటుంది. డ్రిప్పర్ పడే చోట అడుగు లోతు గుంత తీసి, అందులో చిన్న పైపు ముక్క ఏటవాలుగా నిలబెట్టి, డ్రిప్పర్‌ను ఆ పైపులో దూర్చి, గుంతను కొబ్బరి పీచు పొట్టుతో నింపుతారు. నీళ్లు అడుగు లోతున పడతాయి కాబట్టి ఎండకు ఆవిరయ్యేది తగ్గుతుంది. నేను పది చెట్లకు చేసి చూశాను. ఏప్రిల్‌లో కూడా ఆ గుంతల్లో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. అన్ని చెట్లకూ చేయడం కూలి ఖర్చుతో కూడిన పని, వీలైనన్నింటికి చేసుకోండి.

ఏది డ్రిప్‌లో, ఏది పాదులో

పెద్ద చెట్టుకు ఏడాదికి సిఫార్సు 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్. బస్తాల లెక్కలో చెప్పాలంటే యూరియా సుమారు కిలో వంద గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2 కిలోలు. పొటాష్ నత్రజని కంటే రెండింతల పైన ఉంది, గమనించండి. యూరియా వేస్తే ఆకు వెంటనే నలుపెక్కి కంటికి కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లు యూరియా మీదే ఆధారపడతారు. కొబ్బరిలో కాయ నిలిచేదీ, నీళ్లూ కొబ్బరీ నిండేదీ పొటాష్ వల్లే.

సూపర్ ఫాస్ఫేట్‌ను డ్రిప్‌లో వేయకూడదు. అది నీళ్లలో పూర్తిగా కరగదు, అందులో సగం జిప్సమే. రాత్రంతా నానబెట్టినా అడుగున బురదలా మిగులుతుంది. డీఏపీ నానబెట్టి వడకట్టి వదిలేవాళ్లూ ఉన్నారు కానీ, మన సున్నం నీళ్లలో భాస్వరం కలిస్తే అదే మళ్లీ గట్టిపడి డ్రిప్పర్ మూసుకుపోతుంది. భాస్వరం నేలలో కదలదు, కాబట్టి కొంచెం కొంచెంగా ఇవ్వాల్సిన అవసరమూ లేదు. జూన్‌లో మొదటి వానలు పడ్డాక బోదెకు నాలుగైదు అడుగుల దూరంలో చుట్టూ మట్టి లాగి, 2 కిలోల సూపర్, 30 నుంచి 50 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి కప్పేయండి. మెగ్నీషియం సల్ఫేట్ అర కిలో, బోరాక్స్ 50 గ్రాములు కూడా అప్పుడే పాదులో వేయొచ్చు. బోరాక్స్ మాత్రం తూకం వేసి 50 గ్రాములే వేయండి, పిడికెడు అంటూ చేత్తో పోయకండి. ఎక్కువైతే అదే విషమవుతుంది.

ఇక డ్రిప్‌లో మిగిలినవి రెండే, యూరియా, పొటాష్. బజారులో 19-19-19, 13-0-45 లాంటి నీటిలో కరిగే ఎరువులు మంచివే. కానీ కాపు కొబ్బరికి ఏడాది పొడవునా అవే వాడితే ఖర్చు తట్టుకోలేం. బత్తాయి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. బత్తాయికి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దని, దాంట్లో క్లోరైడ్ ఉంటుందని, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలని చెబుతారు. అది నిజమే. కొబ్బరి సంగతి వేరు, దానికి క్లోరిన్ కూడా ఒక పోషకమే, సముద్రం పక్కన పెరిగిన చెట్టు. చవకైన మ్యూరేటే దానికి సరిగ్గా సరిపోతుంది. గెట్టు కొబ్బరి, బత్తాయి ఒకే పైపు మీద ఉంటే మాత్రం ముందు కొబ్బరి వరుసకు వేరే వాల్వు పెట్టించండి. లేకపోతే కొబ్బరికి పోసింది బత్తాయి వేరుకూ పోతుంది.

పొటాష్ తెల్లదే కొనండి. ఎర్ర పొటాష్‌లో ఇనుము మట్టి ఉంటుంది, అది కరగదు. ఒక షాపులో "డ్రిప్‌కు పనికొస్తది" అని చెప్పి నాకు ఎర్రది అంటగట్టారు. గంట కాకముందే స్క్రీన్ ఫిల్టర్ జాలి మీద ఇటుకపొడి లాంటి పొర పేరుకుంది. అప్పటి నుంచి కొనేముందు గాజు గ్లాసులో చెంచాడు వేసి తిప్పి చూస్తాను. పది నిమిషాలకు నీళ్లు తేటగా ఉండి, అడుగున ఏమీ లేకపోతేనే బస్తా ఎత్తించుకుంటాను.

ఎకరానికి లెక్క

కేరళలో కాసరగోడ్‌లోని సీపీసీఆర్‌ఐ (కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ) ప్రయోగాల్లో, డ్రిప్ ద్వారా ఇస్తే సిఫార్సులో సగం ఎరువుతోనే, పాదులో పూర్తిగా వేసినంత దిగుబడి వచ్చింది. వాళ్ల నేల, వాన వేరు. మన చెలకల్లో ఒకేసారి సగానికి దిగకుండా ముప్పావు వంతుతో మొదలుపెట్టండి. నేను అదే పాటిస్తున్నాను. కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగి మట్టి పరీక్ష చేయించుకుంటే దాని ప్రకారం ఇంకా తగ్గించుకోవచ్చు.

ముప్పావు వంతు అంటే చెట్టుకు ఏడాదికి యూరియా సుమారు 815 గ్రాములు, పొటాష్ కిలోన్నర. 25 అడుగుల ఎడంతో వేస్తే ఎకరానికి 70 చెట్లు పడతాయి. వానలు ఎడతెగకుండా కురిసే రెండు నెలలు వదిలేసి, మిగతా పది నెలలు నెలకు మూడుసార్లు ఇద్దాం. 1, 11, 21 తేదీలు పెట్టుకుంటే మర్చిపోరు. మొత్తం ముప్పై సార్లు. అప్పుడు ఒక్కోసారి ఎకరానికి యూరియా 1.9 కిలోలు, తెల్ల పొటాష్ 3.5 కిలోలు. ఏడాదికి యూరియా 57 కిలోలు, పొటాష్ 105 కిలోలు అవుతుంది.

నెలకు ఒకసారే ఇస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి. 70 చెట్లకు నాలుగేసి 8 లీటర్ల డ్రిప్పర్లు ఉంటే గంటకు 2,240 లీటర్లు పారుతాయి. నెల ఎరువంతా, అంటే 16 కిలోల పైచిలుకు, గంటన్నరలో వదిలితే లీటరు నీటికి దాదాపు 5 గ్రాములు. వేరుకు అది చాలా ఘాటు. మూడుసార్లు చేస్తే లీటరుకు 1.6 గ్రాములే అవుతుంది. లీటరుకు 2 గ్రాములు దాటనీయకుండా చూసుకోండి. మీ డ్రిప్పర్లు వేరేవైతే ఇదే లెక్క మీ అంకెలతో వేసుకోండి.

చిన్న మొక్కలకు నాటిన మూడు నెలల నుంచి మొదలుపెట్టొచ్చు. మొదటి ఏడాది పెద్ద చెట్టుకు ఇచ్చేదాంట్లో పదో వంతు, రెండో ఏడాది మూడో వంతు, మూడో ఏడాది మూడింట రెండు వంతులు, నాలుగో ఏడాది నుంచి పూర్తి మోతాదు. ఒక్కో మొక్కకు ఒక్కోసారి యూరియా 3, 9, 18, 27 గ్రాములు, పొటాష్ 5, 17, 33, 50 గ్రాములు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు రెండు డ్రిప్పర్లు చాలు, పెరిగేకొద్దీ దూరం జరుపుతూ నాలుగు చేయండి.

ఎరువు వదిలే రోజు

పొద్దున్నే మొదలుపెట్టండి. ముందు శాండ్ ఫిల్టర్‌ను వెనక్కి నీళ్లు పెట్టి కడగాలి, స్క్రీన్ ఫిల్టర్ జాలి తీసి బ్రష్‌తో రుద్దాలి. వెంచురీ శాండ్ ఫిల్టర్ తర్వాత, స్క్రీన్ ఫిల్టర్‌కు ముందు ఉందో లేదో చూసుకోండి. కరగని నలుసు ఏదైనా వస్తే జాలి దగ్గరే ఆగాలి. బోరు పైపు మీద నాన్ రిటర్న్ వాల్వు లేకుండా ఈ పని అసలు మొదలుపెట్టొద్దు. మధ్యలో కరెంటు పోతే ఎరువు నీళ్లు వెనక్కి జారి బోరులో పడతాయి. చాలా ఇళ్లలో ఆ బోరు నీళ్లే తాగుతారు, పశువులకూ అవే పెడతారు.

ప్లాస్టిక్ డ్రమ్ములో 60 లీటర్ల నీళ్లు పట్టి, ముందు పొటాష్ వేసి కర్రతో తిప్పండి. పొటాష్, యూరియా రెండూ కరిగేటప్పుడు నీళ్లు చల్లబడతాయి, డ్రమ్ము బయట చెమట పట్టినట్టు అవుతుంది. చల్లబడ్డకొద్దీ కరగడం మందగిస్తుంది. చలికాలంలో అయితే ముందురోజు ఎండలో పెట్టిన నీళ్లు వాడండి. పొటాష్ కరిగాక యూరియా వేయండి. ఇప్పుడొచ్చే యూరియా అంతా వేపనూనె పూసిందే, పైన సన్నగా జిడ్డు తెట్టు తేలుతుంది. అరగంట కదపకుండా ఉంచి, తేటను మందపాటి బట్టలో ఇంకో డ్రమ్ములోకి వడగట్టండి. అడుగు మడ్డిని పారబోయకుండా ఏదైనా చెట్టు పాదులో పోసేయొచ్చు.

ఈ డ్రమ్ములో ఇంకేమీ కలపకండి. ముఖ్యంగా కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఉన్న ఎరువుతో గానీ, మెగ్నీషియం సల్ఫేట్ లాంటి సల్ఫేట్లతో గానీ కలిపితే కళ్లముందే నీళ్లు పాలలా విరిగిపోతాయి. ఆ తెల్లటి మడ్డి పైపుల్లోకి వెళ్తే తీయడం చాలా కష్టం.

మొత్తం మూడు గంటలు నీళ్లు పెట్టాలనుకుందాం. మొదటి ముప్పావుగంట ఉత్త నీళ్లు. నేల తడిసి, పైపులన్నీ నిండి, ప్రెషర్ నిలకడగా వస్తుంది. తర్వాత గంటన్నర ఎరువు. చివరి ముప్పావుగంట మళ్లీ ఉత్త నీళ్లు, పైపుల్లో ఎరువు మిగలకుండా. చివర్లో గంటల కొద్దీ నీళ్లు పెడితే ఇచ్చిన ఎరువును వేర్ల కిందికి తోసేసినట్టే. మర్నాడు నీళ్లు ఆపేయండి, ఎండాకాలం అయితే తగ్గించి పెట్టండి.

వెంచురీ పీల్చడం మొదలుపెట్టాలంటే పక్కనున్న మెయిన్ వాల్వును కొద్దికొద్దిగా మూయాలి. ఒక్కసారిగా తిప్పొద్దు. వెంచురీకి ముందూ తర్వాతా ప్రెషర్ తేడా వచ్చినప్పుడే అది లాగుతుంది. సన్న పైపులో ఎరువు నీళ్లు పైకి పాకడం కనిపిస్తుంది. 60 లీటర్లు గంటన్నరలో అయిపోవాలి, అంటే పది నిమిషాలకు ఏడు లీటర్ల దాకా. డ్రమ్ము మీద గీతలు గీసి పెట్టుకుంటే చూడగానే తెలుస్తుంది. త్వరగా లాగేస్తుంటే వాల్వు కొంచెం తెరవండి. అసలు లాగకపోతే సన్న పైపు జాయింటు దగ్గర గాలి పీలుస్తుందేమో చూడండి. ఎక్కువసార్లు లోపం అక్కడే ఉంటుంది. డ్రమ్ము ఖాళీ అవుతున్నప్పుడు పక్కనే ఉండి వెంచురీ వాల్వు మూయండి, లేకపోతే లైన్లోకి గాలి వెళ్తుంది.

ఎరువు కొస చెట్టుకు చేరిందో లేదో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని ఉన్నాయో అంకెలో చూపేది. ఫ్లోరైడ్ బాధ వల్ల మన జిల్లాలో తాగే నీళ్లు చూసుకోవడానికి చాలా ఇళ్లలో అది ఉంటుంది. ముందు ఉత్త బోరు నీళ్ల అంకె రాసుకోండి. ఎరువు వదిలాక కొస డ్రిప్పర్ కింద గ్లాసు పట్టి ఐదేసి నిమిషాలకు చూస్తూ ఉండండి. పొటాష్ చేరగానే అంకె ఒక్కసారిగా వందల్లో పెరుగుతుంది. అక్కడికి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, చివర్లో పైపులు కడగడానికి కనీసం అంత టైం ఇవ్వాలి. ఒక్క విషయం, యూరియాను ఈ పెన్ను పట్టుకోలేదు. అది ఉప్పులా విడిపోదు కాబట్టి ఉత్త యూరియా వదిలితే అంకె కదలదు. పొటాష్ కలిసి ఉన్నప్పుడే ఈ పరీక్ష పనిచేస్తుంది.

చెట్టు ఏం చెబుతోంది

ఫలితం కోసం తొందరపడొద్దు. మొవ్వలో పూగుత్తి మొలకెత్తినప్పటి నుంచి ఆ గెల కాయలు ముదిరే దాకా దాదాపు 44 నెలలు పడుతుంది. మొదటి ఏడాది కాయల లెక్క చూసి "డ్రిప్‌లో ఇచ్చినా ఏం లాభం లేదు" అని ఆపేసినవాళ్లను చూశాను, బాధేసింది. ముందు మారేది మట్టల రంగు, తర్వాత పిందె రాలడం తగ్గుతుంది, గెలల పెరుగుదల ఆ తర్వాతే. ఈలోగా కింది మట్టల మీద నారింజ మచ్చలు వచ్చి కొసలు మాడుతుంటే పొటాష్ చాలడం లేదు. కింది మట్టలు ఎండ తగిలే వైపు పసుపెక్కి, ఈనె పక్కన మాత్రం పచ్చగా ఉంటే మెగ్నీషియం. కొత్త ఆకులు విచ్చుకోకుండా ముడుచుకుని, పొట్టిగా వస్తుంటే బోరాన్.

ఆరు నెలలకోసారి యాసిడ్

సున్నం నీళ్లున్న తోటల్లో ఇది తప్పదు. బజారులో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్, నీళ్లలో ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితాలు, మందుల షాపులో సిరంజి తెచ్చుకోండి. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. 20 లీటర్ల బోరు నీళ్లు బకెట్లో పట్టి, సిరంజితో ఒక్కో మిల్లీలీటరు యాసిడ్ వేస్తూ, కలుపుతూ కాగితం ముంచండి. పీహెచ్ 4కు వచ్చేసరికి ఎంత పట్టిందో రాసుకోండి. ఉదాహరణకు 12 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. మన 70 చెట్ల లైన్లో ఇరవై నిమిషాలకు పారేది సుమారు 750 లీటర్లు, దానికి 450 మిల్లీలీటర్లు కావాలి. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లు పట్టి, ఆ నీళ్లలో ఈ యాసిడ్ పోయండి. ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. దాన్ని వెంచురీతో ఇరవై నిమిషాల్లో లాగించండి. కొస డ్రిప్పర్ దగ్గర కాగితం 4 చూపించగానే మోటరు ఆపి, రాత్రంతా అలాగే వదిలేయండి. అదే రోజు బ్లీచింగ్ పౌడర్ వాడకండి, అది యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

తెల్లారి పైపుల చివర్లు విప్పి మోటరు వేయండి. మొదట సున్నం పాలలా తెల్లటి నీళ్లు, చిన్న చిన్న పెచ్చులు వస్తాయి. తేట నీళ్లు వచ్చేదాకా వదిలి, ఒక్కో చివరా మూసుకుంటూ రండి. తర్వాత మళ్లీ అదే మగ్గు తీసుకుని కొస చెట్టు దగ్గర నాలుగు నిమిషాలు కూర్చోండి. మాకు మొదటిసారి యాసిడ్ పెట్టాక గ్లాసుడు కూడా రాని ఆ డ్రిప్పర్ కింద మగ్గులో అర లీటరు గీత దాటింది. ఆ నెల 11వ తేదీ నుంచే మళ్లీ ఎరువు మొదలుపెట్టాం.